కాంటా గదిలో సాఫ్ట్‌వేర్: హంగులకూ సెట్టింగులకూ మధ్య తూకం

మిర్యాలగూడ ప్రాంతంలోని ఒక రైస్ మిల్లు కాంటా గదిలో నడుస్తున్న డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ గురించి రాస్తున్న కేస్ స్టడీ ఇది. నల్లగొండలో ఉండి ఆ ప్రోగ్రామ్‌ను నేనే రాశాను, దానికి కొత్త రూపం కూడా నేనే ఇచ్చాను, ఆ కొత్త రూపంతో పాటు వచ్చిన తప్పులను రెండు సీజన్ల పాటు సరిదిద్దింది కూడా నేనే. స్క్రీన్ మీద కదలికలు, నీడలు, పారదర్శకత వంటి హంగులు ఎంతవరకు ఉండాలన్నది ఒక పని, వాటిని మార్చుకునే వీలు ఎవరికి ఎంత ఇవ్వాలన్నది మరొక పని అని మొదట్లో అనుకున్నాను. ఆ రెండూ ఒకే ప్రశ్నకు రెండు కొసలని కాంటా గదిలో కూర్చుని చూసిన తరువాతనే తెలిసింది.

గది, యంత్రాలు, మనుషులు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సన్న రకం వడ్లు పండించే రైతులు చాలామంది హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లను కల్లంలో ఆరబెట్టకుండానే ట్రాక్టర్లలో నింపుకొని నేరుగా మిర్యాలగూడ మిల్లులకు తెస్తారు. వానాకాలం పంట కోతలు ఊపందుకున్నాయంటే మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు వరుస కడతాయి, ఆ వరుస రాత్రంతా కదులుతూనే ఉంటుంది. ప్రతి ట్రాక్టర్ రెండుసార్లు వేబ్రిడ్జి ఎక్కాలి. నిండుగా ఎక్కినప్పుడు లోడు బరువు, వడ్లు దించి వచ్చాక ఖాళీ బరువు నమోదవుతాయి, ఈ రెండింటి తేడా మీద రైతుకు డబ్బు లెక్క కడతారు. తూకం వేసేది వేబ్రిడ్జికి అమర్చిన ఇండికేటర్ (బరువును అంకెల్లో చూపే పెట్టె), దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. నా ప్రోగ్రామ్ చేసేదల్లా సీరియల్ కేబుల్ ద్వారా ఆ ఇండికేటర్ పంపే అంకెను చదవడం, స్క్రీన్ మీద చూపడం, చీటీ ముద్రించడం, లెక్కల్లో దాచడం.

మిల్లులో ఈ ప్రోగ్రామ్ మూడు చోట్ల నడుస్తుంది. కాంటా గదిలో ఉన్నది పాత యంత్రం. 4 జీబీ మెమరీ, విండోస్ 7, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ఊక దుమ్ము లోపలి ఫ్యాను దాకా చేరుతుంది, సాయంత్రం పడమటి కిటికీ నుంచి ఎండ నేరుగా మానిటర్ మీద పడుతుంది. 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 7కు మద్దతు ఆపేసినా, సీరియల్ పోర్టు ఉన్న యంత్రం ఆ గదిలో అదొక్కటే కనుక దాన్ని కదపలేదు. రెండవది అకౌంట్ల గదిలోది, అక్కడి గుమాస్తా అవసరమైనప్పుడు తన చోటు నుంచే, నెట్‌వర్క్ మీదుగా, రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా కాంటా యంత్రాన్ని తెరిచి చూస్తాడు. మూడవది మిల్లు యజమాని సేటు గారి గదిలోని కొత్త ల్యాప్‌టాప్, దానికి తగిలించిన పెద్ద మానిటర్.

కాంటా దగ్గర మూడు షిఫ్టులకు ముగ్గురు ఆపరేటర్లు. ముగ్గురూ ఒకే విండోస్ లాగిన్‌తో పని చేస్తారు, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్ అంచుకు అతికించి ఉంటుంది. డిజైన్ చేసేటప్పుడు ఈ సంగతికి నేను విలువ ఇవ్వలేదు, తరువాత చాలా ఇబ్బంది దీని వల్లనే వచ్చింది.

పరుగెత్తిన అంకె

పాత ప్రోగ్రామ్ బూడిద రంగు కిటికీలతో, గళ్ల పట్టికలతో ఉండేది. కొత్త మిల్లులకు చూపించినప్పుడు ఇది ఏనాటిది అని అడిగేవారు, అందుకని క్యూటీ లైబ్రరీతో, అంటే స్క్రీన్లు గీయడానికి సిద్ధంగా దొరికే కోడ్‌తో, స్క్రీన్లన్నీ కొత్తగా రాశాను. బరువు కనిపించే చోటును గుండ్రటి అంచులున్న కార్డుగా మార్చి, దాని చుట్టూ మెత్తటి నీడ పెట్టాను. హెచ్చరిక వచ్చినప్పుడు వెనుక స్క్రీన్ మంచు పట్టిన అద్దంలా మసకబారేది. అన్నింటికంటే ఇష్టంగా చేసింది బరువు అంకె కదలిక. పాత అంకె నుంచి కొత్త అంకెకు ఒక్కసారిగా దూకకుండా, 400 మిల్లీసెకన్ల పాటు మధ్యలోని అంకెలన్నీ దొర్లుతూ వచ్చి ఆగేటట్టు రాశాను. నా బల్ల మీద, నకిలీ ఇండికేటర్‌తో పరీక్షించినప్పుడు అది చాలా అందంగా ఉంది.

సీజన్ మొదలైన మూడో రోజున రాత్రి షిఫ్టు ఆపరేటర్ ఫోన్ చేశాడు. ఆయన నా కంటే వయసులో పెద్ద, ఆ కాంటా మీద ఎన్నో ఏళ్లుగా పని చేస్తున్న మనిషి. "సారూ, మన కాంటా పది కిలోల లెక్క. చివర సున్నా తప్ప ఇంకో అంకె రాదు. గీ మూడు యాడికెళ్లి వచ్చింది?" అన్నాడు. నేను వెంటనే, "అన్నా, అది అర సెకను కూడా ఉండదు, ఆగినాక సున్నానే కదా ఉంటుంది" అన్నాను. దానికి ఆయన, "నాకెరుకే సారూ, కిటికీ అవతల నిలబడ్డ రైతుకు ఎరుక లేదు గదా" అన్నాడు.

ఆ మాట విన్నాక మర్నాడు మిర్యాలగూడకు వెళ్లి ఆ కిటికీ అవతల నేను నిలబడి చూశాను. వేబ్రిడ్జి పక్కన స్తంభానికి ఎర్రటి వెలుగు అంకెల పెద్ద బోర్డు ఒకటి ఉంది. అది ఇండికేటర్ నుంచి నేరుగా అంకెను తీసుకుంటుంది. ట్రాక్టర్ ఎక్కుతున్నప్పుడు ఆ బోర్డు మీద 9,840 అని ఉంటే, అదే క్షణంలో గది లోపలి స్క్రీన్ మీద 9,613, 9,702, 9,787 అంటూ అంకెలు పరుగెత్తుతున్నాయి. ట్రాక్టర్ ఊగుతున్నంతసేపు ఇండికేటర్ సెకనుకు చాలాసార్లు కొత్త అంకె పంపుతుంది, ప్రతి కొత్త అంకెకూ నా యానిమేషన్ మళ్లీ మొదలవుతుంది, అందువల్ల స్క్రీన్ ఎప్పుడూ బోర్డు వెనుక వెనుకనే నడుస్తోంది. పది కిలోల విభాగాలతో తూచే యంత్రం ఎప్పుడూ చూపని, చూపలేని అంకెలు నా స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి. పంట అమ్ముకునే చోట తూకం మీద అనుమానం పుట్టిందంటే అది ఆ ఒక్క చీటీతో పోదు. బయట ఒక అంకె, లోపల ఒక అంకె అని వరుసలో ఒకరు అంటే చాలు, వెనుకనున్న ట్రాక్టర్లన్నీ ఆగిపోతాయి.

ఇక్కడ జరిగిన తప్పును సరిగ్గా పేరు పెట్టి చెప్పుకోవాలి. యానిమేషన్ నెమ్మదిగా ఉండడం సమస్య కాదు, 400ను 100 చేసినా అదే తప్పు మిగులుతుంది. కిటికీ ఒక చోటు నుంచి మరో చోటికి జరిగేటప్పుడు మధ్య చోట్లన్నీ నిజమే, ఎందుకంటే చోటు అనేది స్క్రీన్ మీద నేను కల్పించినది. బరువుకు ఆ వెసులుబాటు లేదు. అది బయటి లోకంలో కొలిచిన విలువ, రెండు కొలతల మధ్య నేను గీసిన ప్రతి అంకె అబద్ధం. ఆ రోజే ఆ కదలికను తీసేశాను. దాన్ని ఆపే సెట్టింగు పెట్టలేదు, కోడ్ నుంచే తొలగించాను. ఈ విషయంలో నేను వెంటనే సరైన పని చేశాననే ఇప్పటికీ అనుకుంటున్నాను. తక్కిన హంగుల విషయంలో మాత్రం అంత స్పష్టంగా ఆలోచించలేదు.

నీడ ఖరీదు

అంకె కదలిక పోయినా కాంటా యంత్రం బరువుగానే నడిచేది. కారణం వెతికితే కార్డు చుట్టూ ఉన్న నీడ దగ్గర తేలింది. సాధారణ విడ్జెట్లకు క్యూటీలో నీడ, మసక వంటి ఎఫెక్ట్ పెట్టినప్పుడు ఆ భాగాన్నంతా ముందు ఒక బొమ్మగా గీసి, ఆ బొమ్మలోని చుక్కలను ప్రాసెసరే లెక్కగట్టి మార్చాలి. కదలకుండా ఉండే బొత్తానికి అది ఒక్కసారి జరిగి ఊరుకుంటుంది. బరువు కార్డు లోపలి అంకె సెకనుకు ఎన్నోసార్లు మారుతుంది కనుక, అంకె మారిన ప్రతిసారీ నీడను కూడా కొత్తగా లెక్కగట్టవలసి వచ్చేది. 60 హెర్ట్జ్ మానిటర్ మీద కదలిక సాఫీగా కనిపించాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు, ఆ పాత ప్రాసెసర్ ఆ గడువును అందుకోలేకపోయింది. నా దగ్గరున్న కొత్త యంత్రంలో ఈ లోపం కనిపించే అవకాశమే లేదు.

రిమోట్ డెస్క్‌టాప్‌లో ఇంకో రకం ఇబ్బంది. అక్కడ మారిన ప్రతి భాగమూ నెట్‌వర్క్ మీదుగా వెళ్లాలి. హెచ్చరిక వచ్చినప్పుడు వెనుక స్క్రీన్ మసకబారడమంటే స్క్రీన్ మొత్తం వరసగా చాలాసార్లు మారడమే కనుక, గుమాస్తాకు అది ముక్కలు ముక్కలుగా కనిపించేది. రిమోట్ డెస్క్‌టాప్‌లో కనెక్షన్ వేగాన్ని బట్టి వాల్‌పేపర్, యానిమేషన్ల వంటి వాటిని ఆపివేసే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది, కానీ అది విండోస్ గీసే హంగులకే వర్తిస్తుంది. ప్రోగ్రామ్ తానుగా గీసుకున్న నీడలను, మసకను ఆపవలసింది ఆ ప్రోగ్రామే.

అడిగిన ప్రతివారికీ ఒక సెట్టింగు

ఇక్కడ నేను ఎంచుకున్న దారి తప్పుదారి. నీడ వద్దన్నవారికి నీడ ఆపే గడి, మసక వద్దన్నవారికి మసక ఆపే గడి పెట్టాను. పగటి ఆపరేటర్ అక్షరాలు పెద్దవి కావాలన్నాడు, అదొక సెట్టింగు. రాత్రి ఆపరేటర్ తెల్లటి స్క్రీన్ కళ్లకు గుచ్చుకుంటోందన్నాడు, ముదురు రంగుల సెట్టు వచ్చింది. గుమాస్తా ఒకే స్క్రీన్‌లో ఎక్కువ వరుసలు కనిపించాలన్నాడు, వరుస ఎత్తు తగ్గించుకునే వీలు వచ్చింది. సేటు గారు తన మానిటర్ మీద అద్దంలాంటి హంగులన్నీ ఉండాలన్నారు. ఎవరి కోరికా అన్యాయమైనది కాదు. అయితే సీజన్ ముగిసే నాటికి సెట్టింగుల కిటికీలో 6 ట్యాబులు, 43 ఎంపికలు చేరాయి. వాటిలో అవును, కాదు అనే రకం ఎంపికలు పన్నెండింటిని మాత్రమే తీసుకున్నా 4,096 కలయికలు ఏర్పడతాయి. ఒక్కడిని కూర్చుని అన్ని కలయికలను పరీక్షించడం నాకు సాధ్యం కాదు. అంటే నేను ఎన్నడూ చూడని స్క్రీన్లతో నా ప్రోగ్రామ్ ఎవరో ఒకరి ముందు నడుస్తోంది.

వరుస ఎత్తు దగ్గర దాని ఫలితం బయటపడింది. గుమాస్తా ఆ ఎత్తును బాగా తగ్గించాడు. ఇంగ్లిష్ అక్షరాలకు అది సరిపోతుంది. తెలుగులో ఒత్తులు గీత కిందికి దిగుతాయి కనుక వాటి అడుగు భాగం తెగిపోయింది. గ్రామాల జాబితాలో మాడ్గులపల్లి, వేములపల్లి, అడవిదేవులపల్లి అన్నీ "పలి"తో ముగుస్తున్నాయి, త్రిపురారం "తిపురారం" అయింది. ఊరి పేరు ఎలాగో పోల్చుకోవచ్చు. కానీ రైతు పేరు, తండ్రి పేరు కూడా అలాగే తెగి కనిపిస్తుంటే, ఒకే ఊరిలో దగ్గరి పేర్లున్న ఇద్దరిలో ఒకరి లోడు బరువుకు మరొకరి ఖాళీ బరువు జతపడే ప్రమాదం ఉంది. ఒకరోజు అలాగే జరిగింది, చీటీ చేతికి వెళ్లకముందే ఆపరేటర్ ట్రాక్టర్ నంబరు చూసి పట్టుకున్నాడు. ఫాంటు మారినా ఇదే ఇబ్బంది వస్తుంది. సేటు గారి ల్యాప్‌టాప్‌లో నిర్మలా యూఐ ఉంది, అది విండోస్ 8తో వచ్చిన ఫాంటు. కాంటా గదిలోని విండోస్ 7లో అది లేదు కనుక వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది, దాని ఎత్తు లెక్కలు వేరు. ఒక యంత్రంలో కుదిరిన వరుస ఎత్తును మరో యంత్రానికి తెచ్చి పెడితే అక్కడ ఒత్తు తెగుతుంది.

రెండో సంఘటన రంగులది. రాత్రి ఆపరేటర్ ముదురు రంగుల సెట్టు పెట్టుకుని, తన సొంత ఇష్టంతో హెచ్చరిక రంగును కూడా మార్చాడు. ముగ్గురిదీ ఒకే విండోస్ లాగిన్ కనుక ఉదయం వచ్చిన ఆపరేటర్‌కు అదే ముదురు స్క్రీన్ కనిపించింది. దాన్ని తెల్లగా మార్చగానే హెచ్చరిక అక్షరాలు లేత నేపథ్యం మీద లేత పసుపు రంగులో మిగిలిపోయాయి. సాయంత్రం పడమటి కిటికీ ఎండలో అవి ఉన్నట్టే తెలియలేదు. మామూలు సైజు అక్షరాలకు, వాటి నేపథ్యానికి మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని వెబ్ పేజీల కోసం రాసుకున్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెబుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కు ఆ లెక్కను వాడకూడదన్న నియమం ఏదీ లేదు. నేనే వాడలేదు.

పెద్ద డెస్క్‌టాపులు నడిచిన దారి

సీజన్ ముగిశాక రెండు వారాలు కోడ్ ముట్టకుండా, ఇదే చిక్కును పెద్ద డెస్క్‌టాపులు ఎలా విప్పుకున్నాయో చదువుకున్నాను. 2002లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే డెస్క్‌టాప్ గ్నోమ్ 2.0 వచ్చినప్పుడు చాలా ఎంపికలను కావాలనే తగ్గించారు. ప్రతి ఎంపికకూ ఒక ఖరీదు ఉంటుందని, అది పరీక్షల్లోనూ, వాడేవారి అయోమయంలోనూ, రాసేవారు తేల్చవలసిన నిర్ణయం తేల్చకుండా మిగలడంలోనూ కనిపిస్తుందని అప్పట్లో ఆ బృందంలోని హావక్ పెన్నింగ్టన్ వాదించాడు. నా 43 ఎంపికల్లో సగానికి పైగా అటువంటివే, అంటే నేను తేల్చుకోలేక ఆపరేటర్ నెత్తిన పెట్టినవే. మరోవైపు, 2011లో గ్నోమ్ 3 పాత పద్ధతిని పూర్తిగా మార్చినప్పుడు అది నచ్చనివారు గ్నోమ్ 2 కోడ్‌ను పట్టుకుని మాటే అనే డెస్క్‌టాప్‌ను విడిగా నడుపుకున్నారు. చేతికి అలవాటైన పనిని లాక్కుంటే మనుషులు ఊరుకోరు, ఊరుకోవలసిన అవసరమూ లేదు.

హంగుల వైపు చూస్తే, 2006లో లినక్స్ మీద కాంపిజ్ అనే హంగుల ప్రోగ్రామ్ వచ్చి కిటికీలను జెల్లీలా ఊపింది, డెస్క్‌టాప్‌ను ఆరు ముఖాల పెట్టెలా తిప్పింది. 2007 మొదట్లో విండోస్ విస్టా గాజు కిటికీలతో అందరి చేతికీ వచ్చింది. విస్టాలో నాకు పాఠం నేర్పినది ఆ గాజు కాదు. తగిన గ్రాఫిక్స్ లేని యంత్రంలో అది గాజును వదిలి సాదా రూపంలో నడిచేది. విండోస్ 7 అయితే యంత్రం వెనకబడుతున్నప్పుడు రంగుల పథకం మార్చమంటారా అని అడిగేది. యంత్రానికి ఓపిక ఉందో లేదో యంత్రమే కొలిచి చెప్పాలి, మనిషిని అడిగి తెలుసుకోవలసిన విషయం కాదది. లినక్స్ మీదే నడిచే మరో డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా వారి మార్గం నాకు అన్నింటికంటే దగ్గరగా తోచింది. మామూలుగా సరళంగా ఉండాలి, అవసరమైనప్పుడు శక్తి చూపాలి అన్నది వారి డిజైన్ సూత్రం. ఎంపికలు తీసేయకుండానే, కదలికలన్నింటికీ కలిపి వేగాన్ని నిర్ణయించే ఒకే ఒక జారుడు మీట అక్కడ ఉంది. దాన్ని ఒక చివరకు జరిపితే అన్నీ క్షణంలో జరిగిపోతాయి.

ఎవరి సెట్టింగు ఎవరిది

మళ్లీ రాయడం మొదలుపెట్టినప్పుడు 43 ఎంపికలను కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కన ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? మనిషి నుంచా, యంత్రం నుంచా, చేసే పని నుంచా? ఈ మూడింటిలో దేని నుంచీ రాకపోతే అది సెట్టింగు కానే కాదు, నేను తీసుకోవలసిన నిర్ణయం.

అక్షరాల పరిమాణం, ముదురు లేదా లేత రంగులు, కదలికల వేగం వంటివి మనిషివి. పగటి ఆపరేటర్ కళ్లకు చత్వారం ఉంది, అది యంత్రం మారినా ఆయనతోనే వస్తుంది. విండోస్‌లో ఈ విభజన ముందే ఉంది. మనిషి వెంట వెళ్లే సెట్టింగులకు ఒక ఫోల్డర్, ఆ యంత్రంలోనే ఉండిపోయే వాటికి మరొకటి ఉంటాయి. కానీ అది మనిషికొక విండోస్ లాగిన్ ఉంటుందన్న నమ్మకం మీద కట్టినది, మన కాంటా గదుల్లో ఆ నమ్మకం నిలవదు. మానిటర్ అంచున అతికించిన కాగితాన్ని నేను పీకేయలేను. అందుకని షిఫ్టు మొదట్లో ఆపరేటర్ తన పేరు మీద నొక్కి నాలుగంకెల పిన్ ఇచ్చే పద్ధతి పెట్టి, ఆయన సెట్టింగులు ఆ పేరుతో దాచాను. చీటీ మీద ఎవరు తూచారన్న పేరు ముద్రించడానికి అది ఎలాగూ కావలసిందే కనుక వారికి అదనపు పని అనిపించలేదు.

సీరియల్ పోర్టు, ప్రింటర్, ఫాంటు, గ్రాఫిక్స్ శక్తి యంత్రానివి. వీటిలో మొదటి రెండే మనిషి చేతికి ఇచ్చాను. ప్రోగ్రామ్ తెరుచుకునేటప్పుడు ఒక చిన్న కదలికను స్క్రీన్ వెలుపల గీసి ఎంత సమయం పట్టిందో కొలుస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉన్నామో లేదో చూస్తుంది, విండోస్‌లో యానిమేషన్లు ఆపి ఉన్నాయో లేదో అడుగుతుంది. ఈ మూడింటిలో దేని వల్ల కుదరకపోయినా హంగులు తమంతట తామే సాదా రూపానికి దిగుతాయి. కదలికలు పడని మనుషులు ఉంటారు, కొందరికి తల తిరుగుతుంది. వారు విండోస్‌లో ఒకసారి చెప్పుకున్న మాటను నా ప్రోగ్రామ్ మళ్లీ అడగకూడదు.

బస్తా బరువు, తేమ హద్దు, చీటీ నమూనా పనివి. ప్రభుత్వ కొనుగోలు ప్రమాణాల్లో వడ్లకు తేమ 17 శాతం మించకూడదని ఉంటుంది, మిల్లుకు నేరుగా వచ్చే పచ్చి వడ్లకు లెక్క వేరు. ఇవి సేటు గారి పాస్‌వర్డ్ వెనుక ఉన్నాయి, ఎవరు ఎప్పుడు మార్చారో నమోదవుతుంది.

మిగిలినవి ఎవరివీ కావు. వరుస ఎత్తును ఇప్పుడు ఫాంటే నిర్ణయిస్తుంది. ఆ యంత్రంలోని ఫాంటు చెప్పే పై ఎత్తు, కింది లోతు కలిపి, ఒత్తు కింద కాస్త ఖాళీ వదిలి ప్రోగ్రామ్ లెక్కగడుతుంది. వరుసలు దగ్గరగా కావాలన్న గుమాస్తా కోరికను వరుస ఎత్తు తగ్గించి కాకుండా, ఆయనకు అక్కరలేని వరుసలను దాచుకునే వీలిచ్చి తీర్చాను. హెచ్చరిక రంగు ఎవరూ మార్చలేరు, ప్రతి రంగుల సెట్టుకూ దాని హెచ్చరిక రంగును నిష్పత్తి చూసి నేనే కుదిర్చాను. ఆపరేటర్ కిటికీలో మిగిలినవి 5 ఎంపికలు. ఏది మార్చినా వెంటనే స్క్రీన్ మీద కనిపిస్తుంది, 15 సెకన్లలో ఉంచమని చెప్పకపోతే పాతదే తిరిగి వస్తుంది. స్క్రీన్ రిజల్యూషన్ మార్చినప్పుడు విండోస్ చేసే ఏర్పాటే ఇది, అక్షరాలు కనిపించకుండా పోయినా మనిషి చిక్కుకుపోకుండా కాపాడుతుంది.

తిరిగి వచ్చిన హంగులు

హంగులన్నింటినీ తీసేస్తే గొడవ ఉండదని ఒక దశలో అనిపించింది. అది కూడా తప్పయ్యేది. చీటీ దాచిన తరువాత ఆ వరుస పట్టికలో ఎక్కడికి వెళ్లిందో పాత బూడిద ప్రోగ్రామ్‌లో తెలిసేది కాదు, ఆపరేటర్లు అనుమానంతో రెండోసారి నొక్కేవారు, ఒకే ట్రాక్టర్‌కు రెండు నమోదులు పడేవి. ఇప్పుడు దాచగానే ఆ వరుస పై నుంచి జారి తన చోటులో కూర్చుంటుంది, 150 మిల్లీసెకన్లు మాత్రమే పడుతుంది, తరువాతి ట్రాక్టర్ వచ్చేదాకా దాని వెనుక లేత రంగు నిలిచి ఉంటుంది. రెండోసారి నొక్కడం ఆగిపోయింది. సాదా రూపంలో ఆ జారుడు ఉండదు, లేత రంగు మాత్రం ఉంటుంది, ఎందుకంటే సమాచారం ఉన్నది రంగులోనే.

బరువు విషయంలో కూడా ఒక హంగు ఉంచాను. చాలా ఇండికేటర్లు అంకెతో పాటు అది నిలిచిందా, ఇంకా ఊగుతోందా అన్న గుర్తును పంపుతాయి. ఊగుతున్నంతసేపు అంకె చుట్టూ గీత చుక్కలు చుక్కలుగా ఉంటుంది, నిలవగానే నిండు మందపాటి గీతగా మారుతుంది, అప్పుడే దాచే బొత్తం పని చేస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా పోల్చలేనివారికీ, ఎండ పడ్డ మానిటర్ మీద చూసేవారికీ ఇది ఒకేలా తెలుస్తుంది. అంకె మాత్రం ఇండికేటర్ ఏది పంపితే అదే, పంపిన క్షణంలోనే. రాత్రి ఆపరేటర్ దీన్ని చూసి "ఇప్పుడు బోర్డూ స్క్రీనూ ఒక్క మాట మీద ఉన్నయ్" అన్నాడు.

సేటు గారి గదిలోని అద్దపు మసక అలాగే ఉంది. ఆ యంత్రానికి ఓపిక ఉంది, అక్కడ తూకం జరగదు, ఆ అందం ఆయనకు నచ్చింది. దాన్ని తీసేయడానికి నాకు కారణం కనిపించలేదు.

బాదేపల్లిలో

తరువాతి ఏడాది ఇదే ప్రోగ్రామ్‌ను జడ్చర్ల పక్కన బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ కొనే ఒక అడ్తిదారుకు ఇచ్చాను. అక్కడ వేబ్రిడ్జి లేదు, తూకం వేసే దడువాయి బస్తా బస్తాగా తూస్తాడు, రైతుకు ఇచ్చేది తక్‌పట్టీ అనే లెక్క చీటీ. పనికి చెందిన సెట్టింగులు దాదాపు అన్నీ మార్చవలసి వచ్చాయి, మనిషికి చెందిన 5 ఎంపికల్లో ఒక్కటీ మార్చలేదు. విభజన సరైన చోట పడిందని నాకు నమ్మకం కలిగింది అప్పుడే.

మిర్యాలగూడ మిల్లులో ఒక పని మిగిలి ఉంది. కిటికీ వైపు తిప్పి, రైతు చూడడానికి రెండో స్క్రీన్ పెట్టమని ఆపరేటర్లే అడిగారు. పేరు, ట్రాక్టర్ నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, నికర బరువు మాత్రమే అందులో ఉంటాయి, దానికి సెట్టింగులు ఉండవు. అక్షరాలు ఎంత పెద్దగా ఉండాలో బల్ల దగ్గర కూర్చుని తేల్చేది కాదు కనుక, పోయిన వారం ఒక డ్రైవర్‌ను అడిగి ట్రాక్టర్ సీటు మీద కూర్చుని, అక్కడి నుంచి కిటికీ దాకా టేపుతో కొలుచుకుని వచ్చాను. యాసంగి కోతలు మొదలయ్యేలోగా ఆ స్క్రీన్ పెట్టాలి.